మా అవ్వల మౌనం వెనక ఒక చట్టం ఉంది

పోస్టు పెద్దది. మెస్‌కి వెళ్ళే ముందు మొదలుపెడితే సగంలో ఆగిపోద్ది. తిన్నాక తీరిగ్గా చదవండి.

విజయవాడలో వేరువేరు హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న ఎరుకల పిల్లలం కొంతమందిమి ఈ మధ్య ఒక విషయం గమనించాం. మాలో చాలామందికి మా భాష రాదు. ఇంట్లో అవ్వకి వచ్చు, అమ్మకి సగం వచ్చు, మా దగ్గరికి వచ్చేసరికి నాలుగైదు మాటలు మిగిలాయి. మా పెద్దోళ్ళు ఎక్కడినుంచి వచ్చారు, ఎందుకు ఈ ఊళ్ళో ఆగారు, వాళ్ళ చిన్నతనం ఎట్లా గడిచింది అని అడిగితే ఒకటే జవాబు: "అవన్నీ ఎందుకులేరా, చదువుకో." మా ఇంట్లోనే ఇట్లా ఉందేమో అని ఎవరికి వాళ్ళం అనుకున్నాం. కలిసి మాట్లాడుకుంటే అందరి ఇళ్ళలోనూ ఇదే. ఇంతమంది ఇళ్ళలో ఒకే మౌనం ఉందంటే దానికి ఒక కారణం ఉండాలి కదా. చదువుతూ పోతే ఆ కారణానికి తేదీలు కనిపించాయి, సెక్షన్లు కనిపించాయి, ఊళ్ళ పేర్లు కనిపించాయి. అవి అందరికీ తెలియాలని రాస్తున్నాం.

ముందు మేమెవరమో చెప్తాం. గ్రూపులో కోయ, సుగాలి, యానాది, చెంచు అన్నదమ్ములు ఉన్నారు, అందరికీ మా సంగతి తెలియకపోవచ్చు. మాలో దబ్బ ఎరుకలవాళ్ళు వెదురు చీల్చి తట్టలు, బుట్టలు, చేటలు అల్లుతారు. ఈతపుల్లల ఎరుకలవాళ్ళు ఈతపుల్లతో బుట్టలు అల్లుతారు. కుంచపురివాళ్ళు నేతగాళ్ళకి కావాల్సిన కుంచెలు కడతారు. పరికముగ్గులవాళ్ళు సోది చెప్తారు. కరివేపాకు ఎరుకలు, ఉప్పు ఎరుకలు కూడా ఉన్నారు. సాతుపాటి, కావడి, మానుపాటి, మేంద్రగుత్తి అని మా వంశాలు. ఎరుక అంటేనే తెలివిడి. తిరుపతి వెంకన్న పద్మావతి కోసం ఎరుకలసాని వేషం వేసుకుని సోది చెప్పాడని కథ. దేవుడు వేసిన వేషం మాది. అలాంటి కులాన్ని చట్టం పుస్తకంలో పుట్టు నేరస్తులు అని రాసుకున్నారు.

మాలో ఉప్పు ఎరుకల దగ్గరనుంచి మొదలుపెడితే కథ తేలిగ్గా అర్థమౌద్ది. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు వేసుకుని లోపలి ఊళ్ళకి పోవడం, అక్కడ ధాన్యం తీసుకుని తిరిగి రావడం వాళ్ళ బతుకు. బండిబాట లేని ఊరికి కూడా ఉప్పు చేరిందంటే ఇలాంటి సంచార కులాల వల్లే. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. డెల్టా కాలవల్లో పడవలు తిరిగాయి. బకింగ్‌హామ్ కాలువ మద్రాసు దాకా కలిసింది. తర్వాత రైళ్ళు వచ్చాయి. డెల్టా రైతుకి ఇదంతా మంచి కాలమే. మా గాడిదల వ్యాపారానికి మాత్రం రోజులు చెల్లిపోయాయి. దానికి తోడు ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, అడవి చట్టాలొచ్చి వెదురు, మేత కష్టమయ్యాయి, 1876-78 కరువు వచ్చి పడింది. కొరవ, ఎరుకల జనం మీద పరిశోధన చేసిన చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ సంగతే రాశారు. తిరిగి బతికే జనానికి బతుకుదెరువు ముందు పోయింది, తిరగడమే నేరమన్న ముద్ర తర్వాత పడింది.

ఆ ముద్ర పేరు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. మొదట 1871లో ఉత్తర భారతంలో తెచ్చారు. మన దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడు అవుతాడు కాబట్టి దొంగతనం కూడా తరతరాల కులవృత్తే అయ్యుంటుందని అప్పటి దొరల వాదన. ఒక కులాన్ని నోటిఫై చేస్తే అది తప్పని కోర్టులో అడగడానికి వీల్లేదు. 1911లో చట్టాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అప్పుడు గుంటూరు, కృష్ణా జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే. ఆ చట్టంతో పేర్లు రిజిస్టరు చేయొచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, ఊరు దాటాలంటే చెప్పి పోవాలనొచ్చు, ఫలానా చోటే ఉండాలని కట్టేయొచ్చు. మేం ఒక్కళ్ళమే కాదు. యానాదుల్లో కొందరిని, దొమ్మరలను, ఇంకా ఎన్నో సంచార కులాలను ఆ జాబితాల్లోకి ఎక్కించారు.

ఇందులో మమ్మల్ని ఆపేసిన మాట పిల్లల గురించి ఉంది. 1897లోనే పాత చట్టాన్ని సవరించి, నాలుగేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసి వేరే సంస్కరణ కేంద్రాల్లో పెట్టే అధికారం రాసుకున్నారు. 1911 చట్టంలో అది ఇంకా విడమరిచి ఉంది. ప్రభుత్వం పిల్లల కోసం పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బడులు పెట్టొచ్చు. నోటిఫై చేసిన కులాల పిల్లల్ని, ఆరేళ్ళు దాటి పద్దెనిమిది నిండనివాళ్ళని, అమ్మానాన్నల నుంచి విడదీసి ఆ బడుల్లో ఉంచమని ఆర్డరు వేయొచ్చు. పిల్లాడు ఏ తప్పూ చేసి ఉండక్కర్లేదు. ఎవరికి పుట్టాడనేది ఒక్కటే చాలు. ఎందుకంటే వాళ్ళ లెక్కలో నేరం పిల్లాడికి అంటేది అమ్మ ఒడిలోనే. అమ్మ మాట, నాయన పని, తాత కథ, ఇవన్నీ వాళ్ళకి జబ్బు సోకే దారులు.

ఇప్పుడు మన కృష్ణా డెల్టాకి వద్దాం. విజయవాడలో రైలెక్కి చీరాల వైపు పోతుంటే తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల దాటాక ఒక చిన్న స్టేషను వస్తుంది. స్టూవర్టుపురం. బోర్డు చూసి నవ్వుకునేవాళ్ళు మన పెట్టెలోనే కనిపిస్తారు. ఆ ఊరు 1913లో పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి, అంటే రక్షణ సైన్యం అనే క్రైస్తవ సంస్థకి ఇచ్చారు. దాని ఇండియా పెద్ద ఫ్రెడరిక్ బూత్-టక్కర్ ఒకప్పుడు ఐసీఎస్ ఆఫీసరు, ఉద్యోగం మానేసి ఈ సంస్థలో చేరి ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. నేరస్తుల్ని బాగుచేయడం ఒక వైద్యం లాంటిదని ఆయన నమ్మకం, దాని మీద పుస్తకమే రాశాడు. ఇటు విజయవాడకి ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న సీతానగరంలోనూ ఆ సంస్థదే ఒక సెటిల్మెంటు ఉండేది. నెల్లూరు జిల్లా కావలి వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్మెంటు ఉంది. అంటే ఇప్పుడు మనం ఆదివారం బ్యారేజీ మీద నిలబడి సెల్ఫీ తీసుకుంటామే, అక్కడినుంచి చూస్తే కనపడే ఒడ్డున మన జనాన్ని హాజరు పిలిచి లెక్కపెట్టారు.

సెటిల్మెంటు బతుకు హాజరుతో నడిచేది. పాసు లేకుండా బయటికి పోతే శిక్ష. స్టూవర్టుపురంలో కొందరికి సాగు భూమి చూపించారు. కానీ దాంతో అందరి కడుపూ నిండలేదు. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీ వచ్చాక సెటిల్మెంటు మనుషులు అక్కడికి కూలికి పోయారు. కదలడానికి వీల్లేని కూలి దొరకడం కంపెనీకి ఎంత లాభమో మీనా రాధాకృష్ణ వివరంగా రాశారు. తిరుగుతూ వ్యాపారం చేసిన కులం రెండు తరాల్లో గేటు దగ్గర హాజరు వేయించుకునే కూలీ అయ్యింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మిషన్ల బడుల్లోనే మావాళ్ళలో మొదటిసారి అక్షరాలు వచ్చినవాళ్ళున్నారు. మందులు దొరికాయి. ఆ సంస్థని ప్రేమగా తలుచుకునే కుటుంబాలు ఈరోజుకీ ఉన్నాయి, చాలామంది మనస్ఫూర్తిగా ఆ మతంలో ఉన్నారు. వాళ్ళ నమ్మకాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. మేం అడిగేది ఒకటే. పలక చేతికిచ్చేటప్పుడు అమ్మ భాష నోట్లోంచి తీసేయాల్సిన అవసరం ఏముంది? అక్షరం నేర్పడానికి, మీ అమ్మానాన్న చెడ్డోళ్ళు అని పిల్లాడికి నేర్పడానికి సంబంధం ఏముంది?

ఇలాంటిది ప్రపంచంలో మనకొక్కళ్ళకే జరగలేదు. కెనడాలో, అమెరికాలో ఓజిబ్వే అనే ఆదివాసీ జనం ఉన్నారు. పెద్ద సరస్సుల చుట్టూ అడవుల్లో వాళ్ళ దేశం. తమని తాము అనిషినాబె అని చెప్పుకుంటారు. కెనడాలో 1800ల చివర్లో మొదలుపెట్టి 1990ల దాకా చర్చీలు, ప్రభుత్వం కలిసి రెసిడెన్షియల్ స్కూళ్ళు నడిపాయి. ఓజిబ్వే, క్రీ, ఇంకా ఎన్నో తెగల పిల్లలు, మొత్తం లక్షా యాభై వేల మందికి పైగా, ఆ బడుల్లో పెరిగారు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు. ఎంతోమంది పిల్లలు అక్కడే చనిపోయారు. బ్రతికి వచ్చినవాళ్ళు ఇంటికొచ్చాక అమ్మతో మాట్లాడటానికి మాట లేదు, పిల్లల్ని ఎట్లా పెంచాలో తెలీదు, ఎందుకంటే వాళ్ళని ఎవరూ ఒళ్ళో పెట్టుకుని పెంచలేదు. ఆ దెబ్బ మనవళ్ళ దాకా దిగిందని వాళ్ళే చెప్పుకున్నారు.

బాసిల్ జాన్‌స్టన్ అనే ఓజిబ్వే రచయిత సంగతి చదివాం. పదేళ్ళ వయసులో, 1939లో, అంటారియోలోని స్పానిష్ అనే ఊరి రెసిడెన్షియల్ స్కూలుకి తీసుకుపోయారు. పెద్దయ్యాక ఆ రోజుల గురించి 1988లో ఇండియన్ స్కూల్ డేస్ అని పుస్తకం రాశాడు. అంతటితో ఊరుకోలేదు. టొరంటోలోని మ్యూజియంలో ఉద్యోగం చేస్తూ తన భాషనీ, ముసలివాళ్ళ కథల్నీ పోగుచేసి, రాసి, నేర్పడంలోనే జీవితం గడిపి 2015లో పోయాడు. ఏ బడి ఆయన భాష తీసేయాలని చూసిందో, ఆ బడిలో నేర్చుకున్న రాతతోనే భాషని నిలబెట్టాడు. మా హాస్టలు గదిలో ఈ మాట మీద చాలాసేపు మాట్లాడుకున్నాం.

అక్కడ ఇంకోటి జరిగింది. 2008లో కెనడా ప్రధాని పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. నిజాన్ని వినడానికని ఒక కమిషన్ వేశారు. ఆరు వేల మందికి పైగా దాని ముందు చెప్పుకున్నారు. 2015లో నివేదిక ఇస్తూ చేయాల్సిన పనులు 94 అని లెక్కేసి రాశారు. అన్నీ అయిపోలేదు, ఇంకా అడుగుతూనే ఉన్నారు. కానీ పిల్లలుగా ఏం జరిగిందో ఆ ముసలివాళ్ళని కూర్చోబెట్టి అడిగారు, విన్నారు, రాసుకున్నారు. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. మనసు కుదుటపడటం అక్కడినుంచి మొదలౌద్దని వాళ్ళు అంటారు.

మన దగ్గర ఏం జరిగింది? నెల్లూరువైపు యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు ఈ చట్టం పోవాలని పోరాడారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ దేశమంతా పరిశీలించి రద్దు చేయమంది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. మనకి స్వాతంత్ర్యం ఐదేళ్ళు ఆలస్యంగా వచ్చిందని విముక్త జాతులవాళ్ళు అందుకే అంటారు, ఆగస్టు 31న విముక్తి దినం జరుపుకుంటారు. కానీ చట్టం పోతూ పోతూ తమ్ముణ్ణి వదిలిపోయింది. అలవాటు నేరస్తుల చట్టాలని రాష్ట్రానికొకటి వచ్చాయి. మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. కాగితం మీద కులం పేరు తీసేశారు, స్టేషన్లో చూపు మాత్రం మారలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో జైలు మాన్యువళ్ళలో ఉన్న కులవివక్ష నిబంధనల్ని కొట్టేస్తూ, విముక్త జాతుల్ని పుట్టు నేరస్తులుగా చూసే రాతలు రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పాల్సి వచ్చింది. చట్టం పోయిన 72 ఏళ్ళకి.

విజయవాడ వాళ్ళం కాబట్టి ఈ ఊరి సంగతి ఒకటి తప్పకుండా చెప్పాలి. ఇక్కడి నాస్తిక కేంద్రం నుంచి గోరా గారి కొడుకు లవణం, ఆయన భార్య హేమలత 1970లలో స్టూవర్టుపురం వెళ్ళి ఏళ్ళ తరబడి పనిచేశారు. హేమలత గారు మహాకవి గుర్రం జాషువా కూతురు. పోలీసులు లేకుండా, ఇళ్ళల్లో కూర్చుని, ఆడవాళ్ళతో మాట్లాడి, పిల్లల చదువు గురించి పట్టించుకున్నారు. బయటివాళ్ళు మనల్ని మనుషులుగా చూసి మాట్లాడితే ఎంత తేడా వస్తుందో దానికి అదొక సాక్ష్యం. అయినా అప్పుడు కూడా అందరూ రాసింది దొంగలు మారారు అనే. ఆ ఊళ్ళో ఏనాడూ ఏ దొంగతనమూ చేయని ఇళ్ళ కథ ఎవరు రాశారు?

సినిమాలైతే సరే సరి. 1991లోనే మా ఊరి పేరుతో రెండు సినిమాలొచ్చాయి. 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చినప్పుడు మావాళ్ళు అభ్యంతరం చెప్పి హైకోర్టు దాకా పోయారు. జనానికి రెండున్నర గంటల కాలక్షేపం. మాకు మర్నాడు క్లాసులో కొత్త పేరు. హాస్టల్లో ఎవరిదైనా ఫోన్ కనపడకపోతే ముందు ఎవరి పెట్టె వైపు చూపులు తిరుగుతాయో మాకు తెలుసు. అందుకే మాలో కొందరు ఊరు అడిగితే బాపట్ల అని చెప్తారు, కొందరు చీరాల అంటారు. వాళ్ళని మేం తప్పుపట్టం. ఆ భయం వాళ్ళు పుట్టించుకున్నది కాదు.

ఇక్కడికొచ్చాక అవ్వల మౌనం మాకు వేరేగా వినిపించడం మొదలైంది. ఆరేళ్ళ పిల్లకి, నీ భాష దొంగల భాష, నీ ఇల్లు దొంగల ఇల్లు అని చెప్తే ఆ పిల్ల పెద్దదై తన బిడ్డతో ఆ భాష మాట్లాడద్దు. బిడ్డని కాపాడుకోవడానికే మాట్లాడద్దు. మాకు భాష రాకపోవడం అవ్వల నిర్లక్ష్యం కాదు, వాళ్ళు మమ్మల్ని దాచిపెట్టిన పద్ధతి అది. మేం సిగ్గు అనుకున్నది నిజానికి జాగ్రత్త. ఈ సంగతి తెలిశాక మాలో ఏదో బరువు దిగింది.

మరి మన హాస్టళ్ళో? ఇవీ ఇంటికి దూరంగా పెట్టే బడులే కదా అని మాలో ఒకరు అడిగారు. తేడా ఉంది. మనల్ని ఇక్కడికి పంపింది అమ్మానాన్నే, పుస్తెలు తాకట్టు పెట్టి మరీ పంపినవాళ్ళున్నారు. పండక్కి తాళం తీసుకుని ఇంటికి పోతాం. ఇది మన హక్కు, పోరాడి తెచ్చుకున్నది. కానీ ఒక విషయంలో జాగ్రత్తపడాలి. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా హాస్టళ్ళలో పెరిగితే, ఎవరూ కొట్టకుండానే, ఎవరూ తిట్టకుండానే, భాష పోద్ది. బుట్ట అల్లే చెయ్యి పోద్ది. ఆ చట్టం సగంలో వదిలేసిన పని మన చేతులతో మనమే పూర్తి చేసినట్టౌద్ది.

టైము కూడా ఎక్కువ లేదు. లెక్క వేయండి. 1947లో ఆరేళ్ళున్న పిల్ల ఇప్పుడు ఎనభై నాలుగు దాటి ఉంటుంది. సెటిల్మెంటుని పిల్లలుగా కళ్ళతో చూసినవాళ్ళు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు. మన దగ్గర ఏ కమిషనూ వాళ్ళ ముందు కూర్చోలేదు. మనం కూర్చోవచ్చు.

మేం మొదలుపెట్టిన పనులు ఇవి. మీరూ చేయొచ్చు.

ఇంటికి పోయినప్పుడు పెద్దోళ్ళ మాట ఫోన్లో రికార్డు చేస్తున్నాం, వాళ్ళు సరే అంటేనే. సెటిల్మెంటు గురించి సూటిగా అడిగితే నోరు విప్పరు. పని గురించి అడగాలి. వెదురు ఎక్కడినుంచి తెచ్చేవాళ్ళు, దబ్బ ఎట్లా చీలుస్తారు, బుట్ట అంచు కట్టడాన్ని మన భాషలో ఏమంటారు? చేతిలో దబ్బ పెడితే మాట దానంతట అదే వస్తుంది. బాధ చెప్పించాలని బలవంతం చేయొద్దు. చెప్పకపోవడం కూడా వాళ్ళ హక్కే.

వరసలు రాసుకుంటున్నాం. అత్త, మామ, బావ, వదిన, ఒక్కోదాన్ని మన భాషలో ఏమంటారో నోటు పుస్తకంలో ఎక్కిస్తున్నాం. మా భాష తమిళానికి దగ్గర చుట్టం. దానికి లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం. తప్పులుంటే అవ్వలు నవ్వి దిద్దుతున్నారు. ఆ నవ్వు కోసమైనా తప్పులు రాయొచ్చు.

వంశాలు, ఊళ్ళు కలిపి చెట్టు గీస్తున్నాం. ఏ తాత ఏ ఊరినుంచి ఏ సెటిల్మెంటుకి వచ్చాడో తెలిస్తే తెగిపోయిన చుట్టాలు దొరుకుతారు. పాత మద్రాసు ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మనలో చరిత్ర ఎంఏ చేసే అక్కలు, అన్నలు ఎవరైనా ఉంటే ఆ పని మీద పోవాలని అడుగుతున్నాం. మన గురించి పోలీసు రాసింది చదివి, దాని పక్కన అవ్వ చెప్పింది రాయడానికి మన మనిషే కావాలి.

ఆగస్టు 31న ఏ హాస్టల్లో ఉన్నవాళ్ళు అక్కడే పదిమంది కూర్చుని ఈ తేదీలు చదువుకుందాం. 1871, 1911, 1913, 1947, 1952. మన పిల్లలకి ఇవి స్వాతంత్ర్యదినంతో పాటు నోటికి రావాలి. యానాది, సుగాలి, దొమ్మర అన్నదమ్ములకి కూడా ఇందులో వాటా ఉంది. మీ ఇళ్ళలో మౌనం ఎట్లా ఉందో కింద రాయండి. మీ భాషలో మిగిలిన మాటలు, ఎన్నుంటే అన్ని, రాయండి.

ఊరు ఏదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఎవరిష్టం వాళ్ళది. మాలో ముగ్గురు మాత్రం ఇక స్టూవర్టుపురం అనే చెప్తామన్నారు. చెప్పాక ఎదుటివాళ్ళు నవ్వితే, ఆ ఊరికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలుసా అని అడిగి, రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్తారంట.

జై ఏకలవ్య. జై భీమ్.